కిల్‌పెక్ చర్చి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్లకు లండన్, స్టోన్‌హెంజ్ చూపించాక "ఇంకేం చూడాలి?" అని అడిగితే నేను కిల్‌పెక్ అంటాను. సగం మంది ఆ పేరే విని ఉండరు. మిగతా సగం మంది ఫోన్‌లో ఫొటో చూసి "ఇంత చిన్న చర్చి కోసం అంత దూరమా?" అంటారు. వెళ్లొచ్చాక మాత్రం ప్రశ్నల మీద ప్రశ్నలు. వాటిలో ఎక్కువసార్లు వినబడ్డవి ఇక్కడ ఉన్నాయి.

కిల్‌పెక్ ఎక్కడుంది?

ఇంగ్లండ్ పశ్చిమాన, వేల్స్ సరిహద్దు దగ్గర, హెరిఫర్డ్‌షైర్ కౌంటీలో. హెరిఫర్డ్ పట్టణానికి నైరుతిగా సుమారు 9 మైళ్లు, అంటే మన లెక్కలో 14, 15 కిలోమీటర్లు. చుట్టూ పచ్చిక బయళ్లు, గొర్రెలు, కొద్దిపాటి ఇళ్లు. చర్చి పూర్తి పేరు సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్. డేవిడ్ వేల్స్ వాళ్ల పునీతుడు. ఇంగ్లండ్‌లో ఉన్న చర్చికి ఆయన పేరేంటని అనుమానం రావచ్చు. ఈ నేల ఒకప్పుడు ఎర్గింగ్ అనే వెల్ష్ రాజ్యంలోది. ఇంగ్లీషువాళ్లు దాన్నే ఆర్చెన్‌ఫీల్డ్ అన్నారు. వేల్స్‌లోని లాన్‌డాఫ్ చర్చి రికార్డులను 12వ శతాబ్దంలో కూర్చిన లాన్‌డాఫ్ గ్రంథంలో ఇక్కడ సెయింట్ డేవిడ్ పేరిట 7వ శతాబ్దంలోనే ఒక చర్చి ఉన్నట్టు రాశారు. ఇప్పుడు మనం చూసేది ఆ కట్టడం కాదు, ఆ చోటు మాత్రం అదే.

ఇప్పుడున్న చర్చి ఎంత పాతది?

సుమారు 1140 నాటిది. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది కదా, దానికంటే రెండు దశాబ్దాలు ముందన్నమాట.

కట్టిన సంవత్సరం ఏ రాతి మీదా చెక్కి లేదు. 1140 అనేది రెండు ఆధారాల మీద వేసిన లెక్క. ఒకటి, ఇక్కడి ప్రభువు 1134లో కిల్‌పెక్ చర్చిని గ్లోస్టర్‌లోని సెయింట్ పీటర్ మఠానికి దానం చేసినట్టు రికార్డు ఉంది. రెండోది శిల్ప శైలి. ఇదే జిల్లాలో షాబ్డన్ అనే ఊళ్లో ఇదే చేతివాటం కనిపించే చర్చి ఒకటి ఉండేది, అది 1130లలో కట్టింది. అందుకే "సుమారు" అన్న మాట వదలకుండా రాస్తారు. గైడ్లు చెప్పేటప్పుడు మాత్రం ఆ మాట ఎగిరిపోతుంది.

హాలుకు ఈశాన్యపు మూల గోడలో ఇంకా పాత పనితనం కనిపిస్తుంది. అది ఫ్రాన్స్ నుంచి నార్మన్లు రాకముందు, ఆంగ్లో-శాక్సన్ కాలపు కట్టడంలో మిగిలిన ముక్క అంటారు. చుట్టూ చక్కగా చెక్కిన దిమ్మెలుంటే ఆ ఒక్క మూల మాత్రం మొరటుగా ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే దాటిపోతారు.

ఎవరు కట్టించారు?

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక భూములన్నీ తమ అనుచరులకు పంచుకున్నారు. కిల్‌పెక్ విలియం ఫిట్జ్ నార్మన్ అనే ఆయనకు దక్కింది. 1086లో రాజు చేయించిన భూముల సర్వేలో, అదే డూమ్స్‌డే పుస్తకంలో, ఈ ఊరి లెక్క ఉంది: 57 మంది మనుషులు, వాళ్లకు 19 నాగళ్లు, శిస్తు కింద కొంత డబ్బుతో పాటు తేనె. శిస్తు తేనెగా కట్టడం ఇక్కడి వెల్ష్ ఆచారం. కొత్త దొర వచ్చినా పాత పద్ధతిని కదపలేదన్నమాట.

ఆ విలియం వారసుడు హ్యూ. మఠానికి దానమిచ్చిందీ, ఈ చర్చిని కట్టించాడని చెప్పేదీ ఆయన్నే. కాలం చూడండి: 1135లో మొదటి హెన్రీ రాజు పోయాక ఆయన మేనల్లుడు స్టీఫెన్‌కూ కూతురు మటిల్డాకూ మధ్య సింహాసనం కోసం అంతర్యుద్ధం మొదలైంది. హెరిఫర్డ్‌షైర్ ఆ గొడవకు దూరంగా ఏమీ లేదు. అలాంటి రోజుల్లో శిల్పులను పిలిపించి, తీరిగ్గా ప్రతి రాయీ చెక్కించాడు.

ఇంత మారుమూల పల్లెకు ఇంత పనితనం ఎందుకు?

అప్పట్లో ఇది మారుమూల కాదు. చర్చి వెనకాలే పడమటి వైపు పెద్ద మట్టిదిబ్బ ఉంటుంది. అది కోట. మట్టిని దిబ్బలా పోసి, చుట్టూ కందకం తవ్వి, పైన బురుజు కట్టే నార్మన్ పద్ధతి అది. 12వ శతాబ్దపు రాతి గోడ ముక్కలు రెండు ఇంకా దిబ్బ మీద నిలబడి ఉన్నాయి. జాన్ రాజు 1211, 1213, 1214ల్లో ఇక్కడ బస చేశాడు. రాజు పరివారంతో దిగేంత స్థలమంటే ఊరి హోదా ఊహించుకోవచ్చు. దగ్గర్లో గ్లోస్టర్ మఠానికి చెందిన చిన్న ప్రయరీ, అంటే ఉపమఠం, కూడా ఉండేది.

చర్చికి మరో పక్క పొలంలోకి చూస్తే నేల అలలు అలలుగా ఎత్తుపల్లాలతో ఉంటుంది. ఊరు ఉన్న చోటు అదే. వీధుల గుర్తులు, ఇళ్ల దిమ్మెలు గడ్డి కింద ఉన్నాయి, చుట్టూ కట్టిన మట్టి గట్టు ఆనవాలు ఇంకా తెలుస్తుంది. సాయంత్రం ఎండ వాలినప్పుడు నీడలు పడి బాగా కనిపిస్తాయి. కోట ప్రాముఖ్యం తగ్గింది, ఊరు పల్చబడింది. 1640ల అంతర్యుద్ధంలో రాజు పక్షం కోటను పట్టుకుని ఉంటే, 1645లో పార్లమెంటు పక్షం దాన్ని పనికిరాకుండా పడగొట్టింది. దొర పోయాడు, కోట పోయింది, ఊరు పోయింది. చర్చి ఉంది.

నాకు అర్థమైనంతలో చర్చి మిగలడానికి ఇదొక పెద్ద కారణం. ఊరు పెరిగి, డబ్బున్నవాళ్లు ఉండి ఉంటే తర్వాతి తరాలవాళ్లు "పాతబడింది, చిన్నదైంది" అని కూలగొట్టి కొత్త ఫ్యాషన్‌లో పెద్ద చర్చి కట్టుకునేవాళ్లు. ఇంగ్లండ్‌లో ఎన్నో నార్మన్ చర్చిలకు జరిగింది అదే.

నార్మన్ శైలి అంటే ఏమిటి? గోతిక్‌కు తేడా ఎలా గుర్తుపట్టాలి?

ఆర్చి చూడండి. అర్ధవృత్తంలా గుండ్రంగా ఉంటే నార్మన్, పైన మొనదేలి ఉంటే గోతిక్. ముప్పాతిక వంతు ఈ ఒక్క గుర్తు సరిపోతుంది. యూరప్‌లో మిగతా చోట్ల రోమనెస్క్ అనేదాన్నే ఇంగ్లండ్‌లో నార్మన్ అంటారు. గోడలు మందం, కిటికీలు చిన్నవి, లోపల చీకటి. కిల్‌పెక్‌లో కొన్ని పెద్ద కిటికీలు కనిపిస్తాయి కానీ అవి తర్వాతి శతాబ్దాల్లో వెలుతురు కోసం పెట్టుకున్నవి.

ప్లాన్ చాలా తేలిక. వరసగా మూడు గదులు, ఒకదాని కంటే ఒకటి చిన్నవి. పడమట జనం నిలబడే హాలు, దాన్ని నేవ్ అంటారు. తర్వాత పూజారి భాగం చాన్సెల్. తూర్పు చివర అర్ధవృత్తాకారంలో బలిపీఠం భాగం, అది ఆప్స్. లోపలికి పోయేకొద్దీ గది చిన్నదవుతుంది, పవిత్రత పెరుగుతుంది. మండపం దాటి, అంతరాళం దాటి గర్భగుడి వైపు నడిచే అలవాటున్న మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అందరూ ఫొటో తీసే ఆ ద్వారంలో ఏమేం ఉన్నాయి?

అది దక్షిణ ద్వారం. లోపలికి వెళ్లేది దానిగుండానే. తొందరపడి తలుపు తోసేయకండి, కనీసం పావుగంట బయటే నిలబడండి.

తలుపు మీద అర్ధచంద్రాకారపు పలక ఉంటుంది. దాన్ని టింపనమ్ అంటారు. ఇలాంటి చోట మామూలుగా క్రీస్తు బొమ్మో, పునీతుల బొమ్మో చెక్కుతారు. ఇక్కడ ఒక మొక్క ఉంది, ద్రాక్షతీగలాంటిది, చుట్టలు చుట్టుకుని ఎటుచూసినా సమంగా. జీవవృక్షం అని చెబుతారు. దాని కింద అడ్డరాయి మీద జిగ్‌జాగ్ గీతలు.

పలక చుట్టూ ఆర్చి రెండు వరసలుగా తిరుగుతుంది. లోపలి వరసలో వింత తలలు, ముక్కులు పొడుచుకొచ్చిన జంతువులు, మధ్యలో ఒక దేవదూత. బయటి వరసలో గొలుసులా కలిపిన గుండ్రటి పతకాలు, ఒక్కోదాంట్లో ఒక్కో జంతువో పక్షో డ్రాగనో. పతకానికీ పతకానికీ మధ్య ఒక ముఖం, ఆ ముఖం నోట్లోంచి రెండు వైపులా పట్టీలు వచ్చి పతకాలను కట్టేస్తాయి. ఇది చూస్తుంటే నాకు గుళ్లో మకరతోరణమే గుర్తొస్తుంది. రెంటికీ సంబంధం ఏమీ లేదు, ఊరికే గుర్తొస్తుంది.

కుడివైపు స్తంభం తల మీద ఒక ముఖం నోటినుంచి ఆకుల తీగలు కక్కుతూ ఉంటుంది. ఎడమ స్తంభం మీద ఇద్దరు మనుషులు తీగల్లో చిక్కుకుని ఒకరిపైన ఒకరుగా ఉంటారు. సన్నటివాళ్లు, తలకు టోపీలు, కాళ్లకు వదులు ప్యాంట్లు. చర్చి ద్వారం మీద ఈ ప్యాంటు మనుషులు ఎవరన్నది పెద్ద చర్చ. వెల్ష్ యోధులని కొందరంటారు. నా వరకు వాళ్ల బట్టల మడతలే అన్నిటికంటే అందం. శిల్పి నిలువు గీతలతో ఆడుకున్నాడు. ద్వారానికి రెండు పక్కలా బయటివైపు పాములు, ఒకదాని వెనక ఒకటి, తలకిందులుగా జారుతున్నట్టు.

ఆకులు కక్కే ముఖం "గ్రీన్ మ్యాన్" అట కదా, క్రైస్తవానికి ముందు కొలిచిన దేవుడా?

దుకాణాల్లో అమ్మే బొమ్మల మీద అలాగే రాస్తారు. గ్రీన్ మ్యాన్ అన్న పేరు చర్చిలోని ఈ ముఖాలకు తగిలించింది 1939లో, లేడీ రాగ్లన్ అనే ఆవిడ. అంతకుముందు వీటికి ఆ పేరు లేదు. ఆకుల ముఖాలు రోమన్ కాలపు అలంకారాల్లోనే ఉన్నాయి, అక్కడినుంచి మధ్యయుగపు శిల్పులు తీసుకున్నారు. చర్చిలోకి దొంగచాటుగా పాత దేవుణ్ని తెచ్చి పెట్టారన్న కథ వినడానికి బాగుంటుంది. కానీ ఈ రాళ్లకు డబ్బిచ్చినవాడు క్రైస్తవ దొర, చర్చిని అందుకున్నది క్రైస్తవ మఠం. వాళ్ల కళ్లెదుటే, నడిచే దారిలోనే ఉన్నది దొంగచాటు ఎలా అవుతుంది?

చూరు కింద ఉన్న ఆ తలకాయలు ఏమిటి?

వాటిని కార్బెల్స్ అంటారు. గోడ పైభాగంలో బయటికి పొడుచుకొచ్చి, చూరు కింది రాతి వరసను మోసే రాళ్లు. పని మోయడమే, కానీ ప్రతి రాయి చివరా ఒక బొమ్మ చెక్కారు. చర్చి చుట్టూ తిరిగితే ఇప్పుడు 85 ఉన్నాయి. 1842లో జి.ఆర్. లూయిస్ అనే చిత్రకారుడు లెక్కపెట్టి బొమ్మలు గీసినప్పుడు 91 ఉండేవి.

ఏమున్నాయి అంటే ఏం లేవని అడగాలి. పంది, ఎలుగుబంటి, పొట్టేలు, పక్షులు, ఏ జంతువో తేలనివి. ఫిడేలులాంటి వాయిద్యం వాయించేవాడు. కౌగిలించుకున్నారో కుస్తీ పడుతున్నారో తెలియని జంట. సిలువ మోసే దేవుని గొర్రెపిల్ల కూడా ఉంది. అది గొర్రెకంటే గుర్రంలా ఉందని అందరూ నవ్వుకుంటారు. ఇక అందరికీ నచ్చేది కుక్కా కుందేలూ పక్కపక్కన ఉన్న రాయి. వేటాడేదీ వేటకు దొరికేదీ ఇద్దరూ స్నేహితుల్లా మనవైపు చూస్తుంటారు. కుక్క చెవులు వేలాడుతూ, గుండ్రటి కళ్లతో, అచ్చం ఇప్పటి కార్టూన్ బొమ్మ. పిల్లలను తీసుకెళ్తే ముందు దీన్ని వెతకమనండి, గంటసేపు మీ జోలికి రారు.

వాటన్నిటికీ అర్థం ఉందా?

కొన్నిటికి ఉంది. గొర్రెపిల్ల క్రీస్తు గుర్తు, అందులో అనుమానం లేదు. కొన్ని జంతువులు బెస్టియరీల నుంచి వచ్చి ఉండొచ్చు. జంతువుల కథలు చెప్పి, ప్రతి జంతువుకూ ఒక మత నీతి తగిలించే పుస్తకాలవి. లూయిస్ అయితే ప్రతి రాయికీ బైబిల్లోంచి ఒక వచనం చూపించబోయాడు. ఆయన ఓపికకు దండం పెట్టాలి గానీ నమ్మకం కుదరదు.

నన్నడిగితే సగం బొమ్మలకు అర్థం అడక్కూడదు. 91 రాళ్లు చెక్కాల్సిన శిల్పులు పాఠం చెప్పడానికే ప్రతిదీ చెక్కారనుకోవడం మన చదువుకున్నవాళ్ల జబ్బు. 12వ శతాబ్దంలోనే బెర్నార్డ్ ఆఫ్ క్లెర్వో అనే సన్యాసి, మఠాల్లో ఈ కోతులూ సింహాలూ వింత జంతువులూ ఎందుకు, చదువుకోవాల్సిన సన్యాసులు వీటిని చూస్తూ కూర్చుంటున్నారని కోప్పడ్డాడు. అంటే అప్పటివాళ్లలోనే అర్థం కనిపించనివాళ్లు ఉన్నారు, చూసి ఆనందించినవాళ్లూ ఉన్నారు.

ఆ... ఒక బొమ్మ ఉందట. చర్చి మీద అలాంటిదెలా?

ఈ ప్రశ్న ఎప్పుడూ గొంతు తగ్గించే అడుగుతారు. ఉంది, ఆప్స్ వైపు చూరు కింద. పెద్ద తల, నవ్వుతున్నట్టున్న ముఖం, రెండు చేతులతో తన జననాంగాన్ని తెరిచి చూపే స్త్రీ. ఇలాంటి బొమ్మలను షీలా-నా-గిగ్ అంటారు, ఐర్లండ్ నుంచి వచ్చిన పేరు. ఐర్లండ్‌లో చాలా ఉన్నాయి, బ్రిటన్‌లోనూ అక్కడక్కడా ఉన్నాయి. వాటన్నిటిలో బాగా పేరున్నది ఇదే.

ఎందుకు పెట్టారన్నదానికి మూడు నాలుగు వాదాలున్నాయి. కామం పాపమని హెచ్చరిక అని ఒకటి. దిష్టి తగలకుండా, చెడు దగ్గరికి రాకుండా అని ఇంకొకటి. సంతానం కోసం కొలిచే పాత దేవత అని మరొకటి. మొదటి రెండిట్లో ఏదో ఒకటి అంటే నేను ఒప్పుకుంటాను. మూడోదానికి గట్టి ఆధారం కనిపించదు. అలంపురం మ్యూజియంలో లజ్జాగౌరిని చూసినవాళ్లు వెంటనే రెంటినీ కలిపేస్తారు. పోలిక సహజమే. కానీ లజ్జాగౌరికి తలచోట పద్మం, కూర్చున్న తీరు ప్రసవానిది, ఆమెను కొలిచేవాళ్లు. కిల్‌పెక్ ఆమెకు పూజ జరిగిందనడానికి ఏమీ లేదు, చూరు కింద పందితో ఎలుగుతో సమానంగా ఒక రాయి.

పిల్లలతో వెళ్తే టెన్షన్ పడకండి. వాళ్లకు అది కప్పలా కనిపిస్తుంది.

గోడ మూలల్లో పడవ ముక్కులా పొడుచుకొచ్చినవి వైకింగ్ పనా?

పడమటి గోడ మీద, మూలల్లో నోళ్లు తెరిచిన డ్రాగన్ తలలు బాగా ముందుకు వచ్చి ఉంటాయి. నాలుక చుట్టుకుని, నార్వే చెక్క చర్చిల మీది డ్రాగన్ల తోబుట్టువుల్లా. శైలి స్కాండినేవియా నుంచి వచ్చిందే, వైకింగులు వచ్చి చెక్కారని కాదు. ఇంగ్లండ్‌లో ఆ శైలి అప్పటికే తరాలుగా ఉంది, నార్మన్లే వైకింగుల మునిమనవలు. రాతిలో అంత దూరం పొడుచుకొచ్చేలా చెక్కి, అది దాదాపు తొమ్మిది వందల ఏళ్లు విరక్కుండా ఉండటం నన్ను ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది.

శిల్పులు ఎవరు?

పేర్లు మిగల్లేదు. కానీ వాళ్ల చెయ్యి గుర్తుపట్టొచ్చు. చుట్టుపక్కల పది పదిహేను ఊళ్లలో అదే గీతల బట్టలు, అవే పాములు, అవే తీగలు. అందుకే వీళ్లను హెరిఫర్డ్‌షైర్ స్కూల్ అంటారు. స్కూలంటే బడి కాదు, ఒక శిల్పుల బృందం, వాళ్ల పద్ధతి. పోలండ్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ చరిత్రకారుడు జార్జ్ జార్నెకీ వీళ్ల మీద చాలా పని చేశాడు.

ఇక్కడ ఒక తీర్థయాత్ర కథ ఉంది. షాబ్డన్ చర్చి కట్టించిన ఆలివర్ ద మెర్లిమాండ్, అక్కడి ప్రభువు దగ్గర దివాను, స్పెయిన్‌లోని సాంతియాగో ద కంపోస్తేలాకు యాత్ర వెళ్లొచ్చాడు. అక్కడి ద్వారంలో స్తంభాల మీద పునీతులు ఒకరిపైన ఒకరు నిలబడి ఉంటారు. కిల్‌పెక్ లోపల చాన్సెల్ ఆర్చి దగ్గర కూడా అలాగే, పక్కకు ముగ్గురు చొప్పున ఒకరి తల మీద ఒకరు నిలబడ్డారు. ఇంగ్లండ్‌లో అలాంటిది చాలా అరుదు. యాత్రలో ఆయన వెంట శిల్పి ఉన్నాడా, లేక దారిలో ఫ్రాన్స్‌లో చూసినవి గీసుకుని తెచ్చారా అని పండితులు వాదించుకుంటారు. ఎలా వచ్చినా స్పెయిన్, ఫ్రాన్స్, స్కాండినేవియా పోకడలన్నీ కలిసి ఈ పొలాల మధ్య తేలాయి.

లోపల ఇంకేముంది?

బయట చూశాక లోపల ప్రశాంతంగా, దాదాపు ఖాళీగా అనిపిస్తుంది. చాన్సెల్ ఆర్చి మీద జిగ్‌జాగ్. ఆప్స్ కప్పులో నాలుగు రాతి పక్కటెముకలు వచ్చి కలిసే చోట తలలు చెక్కిన రాయి ఒకటుంది, మెడ నొప్పి పుట్టినా తలెత్తి చూడండి. బాప్తిస్మం తొట్టి పెద్దది, గులకరాళ్లు అతుక్కుని గట్టిపడ్డట్టుండే రాతిలో మలిచారు. మంత్రజలం తొట్టి అయితే బొజ్జను రెండు చేతులతో పట్టుకున్న మనిషిలా ఉంటుంది. అది కళాఖండమా, ఎవరిదైనా సరదానా అన్నది మీరే తేల్చుకోండి.

ఇవన్నీ అసలు రాళ్లేనా, తర్వాత మార్చారా? ఇంత కొత్తగా ఉన్నాయేంటి?

అసలువే, చాలావరకు మొదట పెట్టిన చోటే ఉన్నాయి. నమ్మడం కష్టమని నాకూ తెలుసు. నేను మొదటిసారి చూసినప్పుడు ఎవరో ఈమధ్య చెక్కి పెట్టారనే అనుకున్నాను.

కారణాల్లో మొదటిది రాయి. ఇది ఈ ప్రాంతపు ఎర్ర ఇసుకరాయి, సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి ఓల్డ్ రెడ్ శాండ్‌స్టోన్ అనే పొర లోది. ఇసుకరాయి అంటే సాధారణంగా తొందరగా అరిగిపోతుంది, ఇక్కడ వాడింది మాత్రం గట్టి రకం. రెండోది, ద్వారానికి చాలాకాలం చెక్క వసారా ఉండి వాన తగలనీయలేదు. మూడోది, మత సంస్కరణల కాలంలోనూ, ప్యూరిటన్లనే కరుడుగట్టిన ప్రొటెస్టెంట్ల రోజుల్లోనూ విగ్రహాలు పగలగొట్టే గుంపులు దేశమంతా తిరిగినా ఇక్కడ పెద్దగా చెయ్యి చేసుకోలేదు. పునీతుల కంటే కుక్కలూ పందులూ ఎక్కువుండటం కలిసొచ్చి ఉంటుంది. 1848లో, ఆ తర్వాత 1864, 1898, 1962ల్లో మరమ్మతులు జరిగాయి. విక్టోరియా రాణి కాలపు మరమ్మతులంటే పాత చర్చి ప్రేమికులకు గుండెదడ, పాతదంతా గీకి కొత్తది చేసేవాళ్లు. కిల్‌పెక్‌లో ఆ చెయ్యి మెత్తగానే పడింది.

ఇంకా ప్రార్థనలు జరుగుతాయా? లోపలికి ఎవరైనా వెళ్లొచ్చా?

జరుగుతాయి. ఇది మ్యూజియం కాదు, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్ల పారిష్ చర్చి. మామూలుగా పగలంతా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు, విరాళాల పెట్టె ఉంటుంది. నిర్వహణ ఖర్చు తక్కువేం కాదు, తోచింది వేయండి. చెప్పులు విప్పక్కర్లేదు, మగవాళ్లు టోపీ తీస్తే మర్యాద. లోపల పెళ్లో ప్రార్థనో జరుగుతుంటే బయట కార్బెల్స్ చూస్తూ ఉండండి, సమయం తెలియదు. సమాధుల మీద కూర్చుని మాత్రం లంచ్ డబ్బా విప్పకండి.

ఎలా వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి?

కారైతే హెరిఫర్డ్ నుంచి అబర్‌గవెన్నీ వైపు ఏ465 రోడ్డు పట్టుకుని, కిల్‌పెక్ బోర్డు చూసి తిరగాలి. రైలుకైతే హెరిఫర్డ్ స్టేషన్‌లో దిగి అక్కడినుంచి టాక్సీ మాట్లాడుకోవడం మేలు. బైనాక్యులర్స్ తప్పకుండా తీసుకెళ్లండి. కార్బెల్స్ పైన ఉంటాయి, ఫోన్ జూమ్‌లో సగం పోతాయి. మబ్బు రోజున చెక్కడం చదునుగా కనిపిస్తుంది. ఎండ పక్కనుంచి పడే ఉదయమో సాయంత్రమో వెళ్తే ప్రతి గీతా లేచి నిలబడుతుంది.

అదే రోజు ఇంకేమైనా చూడొచ్చా?

హెరిఫర్డ్ కెథెడ్రల్‌లో సుమారు 1300 నాటి ప్రపంచపటం మాపా ముండి ఉంది, తోలు మీద గీసినది. శిల్పాలే కావాలంటే అర్డిస్లీ వెళ్లండి, అక్కడి బాప్తిస్మం తొట్టి మీద ఇద్దరు యోధులు కొట్టుకుంటుంటారు, కిల్‌పెక్ మనుషుల్లాగే తీగల్లో చిక్కుకుని.

ఓపిక మిగిలితే షాబ్డన్. అక్కడి పాత చర్చిని 1750లలో పడగొట్టి, చెక్కిన ఆర్చిలను మాత్రం అలంకారంగా ఉంటాయని గుట్ట మీదికి తీసుకెళ్లి ఆరుబయట నిలబెట్టారు. అదే బృందం, అవే పాములు, అవే మనుషులు. అప్పటినుంచి వానకూ గాలికీ అరిగి ఇప్పుడు చాలాచోట్ల ముఖాలు పోల్చుకోలేం. కిల్‌పెక్ చూసిన రోజే దాన్నీ చూడండి, ఉదయం కిల్‌పెక్, మధ్యాహ్నం షాబ్డన్.